ఆవిడ శాలువా రంగు

రంగుల మేస్త్రి నోటి దురుసు ఆ వీధిలో అందరికీ తెలిసిందే. అద్దకం షెడ్డుకి వచ్చినవాడెవడైనా "ఇది కాస్త నీలమెక్కినట్టుందండీ" అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. మేస్త్రి ఆ గుడ్డ లాక్కుని, వాణ్ణి కూడా గుమ్మం దగ్గర వెలుతురులోకి ఈడ్చుకెళ్లేవాడు. "చూడు! రంగు ఒక్కటే ఉంటుంది. నీకోటీ నాకోటీ ఉండదు. వేరేగా కనబడుతోందంటే పోయి కళ్లు చూపించుకో!" అని తలంటి పంపేవాడు.

చివరికి కళ్లు చూపించుకోవలసి వచ్చింది ఆయనకే. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. ఎడమది వచ్చేవారం చేస్తామన్నారు.

కట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన పూట ఆయన సంబరం అంతా ఇంతా కాదు. గోడ తెల్లగా ఉంది. పాలు ఇంకా తెల్లగా ఉన్నాయి. షెడ్డు పనంతా నెత్తినేసుకుని తిరిగే కూతురి తలలో నెరిసిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి. "ఇవెప్పటినుంచే?" అని అడిగి చీవాట్లు తిన్నాడు. ఆ హుషారులోనే బీరువా తెరిచి, పోయిన భార్య శాలువా బయటికి తీశాడు.

తీసి, అలాగే నిలబడిపోయాడు. శాలువా నీలంగా ఉంది.

ఆవిడ కాపురమంతటిలోనూ ఆయన్ని నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "ఏవండీ, ఊరందరికీ అద్దుతారు కదా, నాకో ఆకుపచ్చ శాలువా అద్దిపెట్టరూ? అప్పుడే విచ్చిన ఆకులా ఉండాలి" అంది. నీలం మాత్రం ఆవిడకి గిట్టదు. చిన్నప్పుడు తల్లి పోయిన ఇంట్లో తలుపులన్నీ నీలమేనట. మేస్త్రి నమూనా ముక్క కూడా పెట్టుకోకుండా, "ఆకుపచ్చ తెలీదా నాకు!" అంటూ కంటి గుర్తు మీదే రంగులు కలిపాడు. ఆరాక గుమ్మం దగ్గర ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు. ఆవిడ కాసేపు చూసుకుని, "అచ్చం అదే" అంది. పోయేదాకా దాన్ని వదల్లేదు.

మేస్త్రి అరచేత్తో కుడికన్ను మూసుకున్నాడు. శాలువా ఆకుపచ్చ. ఎడమకన్ను మూసుకున్నాడు. నీలం.

షెడ్డులో బావమరిది తొట్టిలో రంగు కలుపుతున్నాడు. మేస్త్రి శాలువా అతని ముఖం ముందు పెట్టాడు. "ఇదేం రంగురా?"

"నువ్వేదంటే అదే బావా. నీతో పెట్టుకునే ఓపిక నాకు లేదు."

"వేళాకోళం కాదు. నీకేం కనబడుతోందో చెప్పు."

బావమరిది నవ్వు ఆగిపోయింది. "నాకు మా అక్క కనబడుతోంది" అని మళ్లీ తొట్టి వైపు తిరిగాడు.

కూతురు వచ్చి తండ్రి చేతిలో ఉన్నది చూసింది. ఇక దాచి లాభం లేదని అర్థమైంది.

"కూర్చో నాన్నా. అది మొదట్నుంచీ నీలమే. నీ కంటి శుక్లం అప్పటికే పసుపెక్కింది. పసుపు అద్దంలోంచి చూస్తే నీలం ఆకుపచ్చగానే ఉంటుంది మరి. నువ్వు కలిపిన రంగులన్నీ, జనం వంకపెట్టిన గుడ్డలతో సహా, నువ్వు భోజనానికి వెళ్లగానే, నేనూ మావయ్యా సరిచేసేవాళ్లం."

"అన్నీనా?"

"అన్నీ."

కళ్లు చూపించుకోమని ఆయన తరిమేసిన వాళ్లంతా ఒక్కసారిగా గుర్తొచ్చారు. సిగ్గుతో తల వాలిపోయింది. కానీ ఆయన్ని కోసేస్తున్నది అది కాదు.

"మరి దీన్నెందుకు సరిచేయలేదే?"

"అమ్మ ముట్టుకోనివ్వలేదు. నాన్నకి చెప్పావంటే నా మీద ఒట్టే అంది."

"అంటే, తెలిసే కప్పుకుంది. గిట్టని రంగు."

మేస్త్రికి ఆస్పత్రిలో ఆవిడ చివరి రోజు కళ్లముందు కదిలింది. ఆవిడ కళ్లు మూసుకునే, "నా ఆకుపచ్చ శాలువా కప్పండి" అంది. నర్సు సంచంతా వెతికి, ఆకుపచ్చది లేదమ్మా, నీలమే ఉంది అంది. "కళ్లున్నాయా నీకు?" అని ఆ పిల్ల మీద ఇంతెత్తున లేచి, తనే కప్పాడు.

"ఆ రోజు ఆకుపచ్చ అని ఎందుకందే?"

"నువ్వు పక్కన ఉన్నావని అందో, అలా అనీ అనీ తనకీ ఆకుపచ్చే అయిపోయిందో, నువ్వు అద్దని శాలువా కోసమే అడిగిందో... నాకేం తెలుసు నాన్నా? నీకేది ఊరటగా ఉంటే అది అనుకో."

"ఊరట ఎవడికి కావాలే! మూడింట్లో ఏదో ఒకటే నిజం అయ్యుండాలి కదా. అది చెప్పు."

"అది అమ్మనే అడగాలి" అంది కూతురు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మేస్త్రి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎడమకన్ను వదిలేయమని బతిమాలాడు. వదిలేస్తే అది కొన్నాళ్లకి పూర్తిగా మూసుకుపోతుంది, అప్పుడు ఏ రంగూ కనబడదు అన్నాడు డాక్టరు. ఆపరేషన్ రోజు పొద్దున్న, ఆటో వచ్చి హారన్ కొట్టేదాకా, ఆయన గుమ్మంలో కుడికన్ను మూసుకుని శాలువానే చూస్తూ కూర్చున్నాడు.

రెండో కట్టూ విప్పారు. కూతురు ఆయన్ని ఇంటికి తీసుకురాగానే బావమరిది ఎలాగైనా నవ్వించాలని, శాలువా తెచ్చి గుమ్మం దగ్గర పరిచి పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పు బావా, ఏం రంగు? నువ్వేదంటే అదే!"

మేస్త్రి ఒక కన్ను మూసి చూశాడు. రెండోది మూసి చూశాడు.

"నీలం" అన్నాడు.

జన్మంతా ఆయన పోట్లాడినట్టే రంగు ఒక్కటే అయింది. ఆవిడ ఆకుపచ్చ అన్న శాలువాని ఆకుపచ్చగా చూడగలిగిన కన్ను ఇక ఎక్కడా లేదు. తప్పయితే కాదంటారేమోనని మేస్త్రి కాసేపు వాళ్లిద్దరి ముఖాల్లోకీ చూశాడు. ఎవరూ కాదనలేదు.