కొయ్య మీది కేక

ఆదివారం మధ్యాహ్నం చర్చి హాలు తలుపు తీశారో లేదో, ఫోర్తునాతా కూతురు అగాతాని లాక్కెళ్లి ముందు బెంచీ పట్టేసింది. కత్తిచేపల వేట మీద రోము వాళ్లు ఎప్పుడో వచ్చి తీసి పట్టుకుపోయిన డాక్యుమెంటరీ, వాళ్ల ఊరు బన్యారాలో వేయడం ఇదే మొదలు. అందులో ఆమె మొగుడు గ్రాత్సియో ఉన్నాడు. అగాతా కడుపులో ఉండగానే ఆయన సముద్రం పాలయ్యాడు.

"మీ నాన్న గొంతు వింటావే ఆదివారం," అని వారం రోజులుగా పిల్లని ఊరిస్తూనే ఉంది.

కిటికీలు మూశారు. తెర మీద సముద్రం వచ్చింది. కనపడని పెద్దమనిషెవరో కవిత్వం అందుకున్నాడు. సముద్రం తల్లి అట, అలలు ఉయ్యాలలట.

"తల్లో సవతి తల్లో, తెడ్డు పట్టినవాణ్ణి అడగవయ్యా!" వెనక బెంచీలోంచి మీకో అన్నాడు. గ్రాత్సియోతో వేటకెళ్లి తెడ్డు వేసిన నలుగురిలో అతనొకడు; మిగతా ముగ్గురూ పక్కనే కూర్చున్నారు.

అదిగో గ్రాత్సియో! పెద్ద పడవ మీది పొడుగాటి కొయ్య చివర నిలబడ్డాడు. అక్కణ్ణించి చేపని చూసి, కింద తెడ్లు వేసే చిన్న పడవకి దారి చెప్పాలి. కింద వాళ్లకి ఆ కేకే కళ్లు. చెయ్యి ఊపుతూ నోరారా అరుస్తున్నాడు. వినపడేది మాత్రం కవిత్వమూ, వయొలిన్లూ.

"అమ్మా, నాన్న ఏమంటున్నాడు?"

ఫోర్తునాతాకి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. మనిషిని చూపించి గొంతు నొక్కేశారు, పాడుగాను!

మీకో ముందుకి వంగాడు. "ఆ చెయ్యి ఊపడం ఒడ్డుకనే కదమ్మా. ఒడ్డుకీ!"

"చాల్లే అన్నా, మేకలాగా ఆ అరుపేంటి! ఆయన అలా అనేవాడా?" ఫోర్తునాతా కసిరింది.

ఏటేటా చేపల బుట్టతో ఒడ్డున నిలబడి ఆ కేకలు విన్నది ఆమె. లేచి నిలబడింది. తెర మీద చెయ్యి తిరిగింది.

"ఎగువకీ... ఎగువకి! దిగువకి, దిగువకి, మీ చేతులు పడిపోనూ, దిగువకి!"

మొదట సాగదీసి, చివర విరిచి, అచ్చం ఆయనే. కవిత్వం ఎవరికీ వినపడలేదు. ఎవరో నవ్వబోయి ఆగారు. వెనక బెంచీలో ఆ నలుగురు ముసలాళ్లూ ఒక్కసారే వెనక్కి వాలి, లేని తెడ్లు లాగారు. బెంచీ కిర్రుమంది.

అగాతా తెర వదిలేసి వాళ్లనే చూస్తోంది.

"అమ్మా," అంది, "నాన్నని ఇంకోసారి అరవమను."