హీటరు వాటా

"మళ్లీ నీ హీటరే," అన్నాడు భర్త, కరెంటు బిల్లు తెచ్చి ఆమె కత్తెర పక్కన పెడుతూ. "రోజుకి రెండు గంటలే అన్నానా? నాలుగేసినట్టున్నావు. పోయిన నెల కంటే ఎక్కువొచ్చింది చూడు."

ఆమె భోజనాల బల్ల దగ్గర స్కూలు యూనిఫాం చొక్కాలకి గుండీలు కుడుతోంది. సూది ఆగింది గానీ తల ఎత్తలేదు. ఎత్తితే మొహం చూసి కనిపెట్టేస్తాడని భయం. ఎందుకంటే ఆ హీటరు సరిగ్గా నెల రోజులుగా అటక మీద, పాత దుప్పటి చుట్టుకుని పడి ఉంది.

"కుట్టుడబ్బుల్లోంచి హీటరు వాటా తీసి పెట్టు," అని స్నానానికి వెళ్లిపోయాడు. ఆమె తీసి పెట్టింది.

రెండు చలికాలాల కిందట ఆ హీటరుని అడక్కుండానే కొనుక్కొచ్చాడు మహానుభావుడు. వెనక గదిలో మిషను తొక్కుతూ వణికిపోతున్నావు కదా అన్నాడు. పెళ్లయ్యాక ఆమె చలి అతనికి కనబడటం అదే మొదటిసారి. నాలుగు రోజులు నేల మీద నిలవలేదు, పక్కింటావిడకి రెండుసార్లు చెప్పుకుంది. మరుసటి నెల బిల్లు రాగానే, "నీ పనికేగా కాలుతోంది" అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది. అప్పట్నుంచి ప్రతి చలికాలం కుట్టుడబ్బుల్లో మూడో వంతు హీటరు వాటాకే పోతోంది. వాటా ఇచ్చినా దెప్పుళ్లు తప్పలేదు. "అన్నంలోకి లేకపోయినా హీటరుకి ఉండాలి మహారాణికి" అని బంధువుల ముందే ఒకసారి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

ఆ మంటతోనే ఈ నెల ఎవరికీ చెప్పకుండా దాన్ని అటకెక్కించింది. రెండు జతల మేజోళ్లు, అతను పారేసిన చిరుగుల స్వెటరు వేసుకుని తలుపేసుకుని కుట్టింది. వేళ్లు బిగుసుకుపోయి సూది గుచ్చుకుని తెల్ల చొక్కా మీద నెత్తురు పడితే, ఆ చొక్కా చన్నీళ్లలో ఉతికి ఆరేసింది. హీటరు లేదని అతనికి తెలియనే లేదు. ఆ గదిలోకి తొంగిచూస్తే కదా తెలియడానికి!

అనుమానం పెనుభూతం అంటారు. ఆ రోజంతా అది ఆమె భుజమ్మీదే కూర్చుంది. మీటరు పాడైందా? పక్కింటి వాళ్లు వైరు గానీ లాగారా? అత్తగారు ఎవరూ చూడకుండా వేణ్నీళ్లు పెట్టుకుంటోందా? ముసలావిడని అలా అనుకున్నందుకు సిగ్గేసింది, అయినా గీజరు స్విచ్చి వైపు రెండుసార్లు చూసి వచ్చింది. చివరికి తన మీదే అనుమానం వచ్చి అటకెక్కి దుప్పటి విప్పి చూసింది. హీటరు మీద దుమ్ము పేరుకుని ఉంది.

మర్నాడు భర్త ఆఫీసుకి, అత్తగారు పక్కింటికి వెళ్లాక ఇంట్లో స్విచ్చిలన్నీ కట్టేసింది. ఫ్రిజ్ కూడా. మెట్ల కింద మీటరు అంకె చూసి గోడ మీద కుట్టుసుద్దతో రాసుకుంది. మీటరు మీద ఎర్రచుక్క మాత్రం ఆగకుండా మిణుకుమంటూనే ఉంది. నాలుగు గంటల తర్వాత చూస్తే రెండు యూనిట్లు పెరిగాయి. ఏమీ వెలగని ఇంట్లో ఏదో మేస్తోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి గదిగదికీ తిరిగి ప్లగ్గులు తడిమే ఓపిక ఎక్కడుంటుంది? ఆమెకుంది.

హాల్లో చేపల తొట్టి దగ్గర ఆగింది. నాలుగడుగుల గాజు తొట్టి, వచ్చినవాళ్లందరికీ అతను చూపించుకునే వైభవం. "నువ్వు ముట్టుకోకు, నీ చెయ్యి పడితే చస్తాయి" అని మొదట్లోనే కట్టడి చేశాడు, ఆమె దాని ఛాయలకే పోలేదు. ఇప్పుడు గాజు మీద అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. ప్లాస్టిక్ నాచు వెనక నీళ్లు వెచ్చబెట్టే రెండు గాజు కడ్డీలు, ఒక్కోదాని మీద మూడు వందల వాట్లని రాసి ఉంది. వాటి వైర్లు బల్ల వెనకనుంచి స్విచ్చే లేని ప్లగ్గులోకి పోయాయి. తన హీటరు రెండు గంటలకి రెండు యూనిట్లు. వీటికి రోజుకి పన్నెండు.

"అయ్యో, చెయ్యి తియ్యమ్మాయ్, వాడు చూస్తే గొడవైపోద్ది!" గుమ్మంలో అత్తగారు.

"అత్తయ్యా, కరెంటంతా ఈ చేపలకే పోతోంది. పాపం ఆయనకి తెలిసినట్టు లేదు."

"తెలీకపోవడమేంటి? వాటికి చలేస్తే చస్తాయంట. నెలకింతవుద్దని చేపల కొట్టువాడు నా ముందే చెప్పాడు. నాన్నకి తెలిస్తే తొట్టి తీయించేస్తాడని వీడికి దడ. అప్పటికింకా మీ మామయ్య ఉన్నారుగా, బిల్లు ఆయనే చూసేవారు. అందుకేగా ఆ కొట్టు పక్క కొట్టులోనే నీకు హీటరు కొంది. బిల్లుకో కారణం కావాలిగా మరి!"

అనేసి పెద్దావిడ పెదవి కరుచుకుంది. నోరు జారిందో, కావాలనే జార్చిందో ఆ మొహం చూస్తే తేలలేదు. మెల్లగా వెళ్లి మంచమెక్కింది.

ఆమెకి ఏడుపు రాలేదు. సోఫాలో కూర్చుంది. డబ్బు పోతే పోయింది. ఒక మనిషికి తన చలి కనబడిందని రెండేళ్లు మురిసిపోయింది కదా, అది పోయింది. ప్లగ్గు పీకేద్దామని చెయ్యి వెళ్లింది. చేపలేం చేశాయి పాపం అని వెనక్కి తీసుకుంది. లేచి ఫ్రిజ్, స్విచ్చిలు వేసింది.

తర్వాత సోఫాని గోడకి నెట్టి, మిషనుని వెనక గదిలోంచి ఈడ్చుకొచ్చి తొట్టి పక్కన వేసింది. కొత్త కొలతలివ్వడానికి వచ్చిన స్కూలు టీచరమ్మని అక్కడే కూర్చోబెట్టింది. ఇన్నాళ్లూ ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చేది.

సాయంత్రం భర్త వచ్చేసరికి టీచరమ్మ వెళ్లిపోయింది. సోఫా నిండా చొక్కాలున్నాయి.

"ఇదేంటి, హాల్లో దుకాణం పెట్టావా? నీ గదికేమైంది?"

"చలిగా ఉందండీ."

"హీటరేసుకోవచ్చుగా! ఎలాగూ నెలనెలా వాటా కడుతున్నావు."

ఆమె దారం పళ్లతో తెంపి, చొక్కా దులిపి మడతపెట్టింది.

"ఇకనుంచి ఆ వాటా చేపల్నడగండి," అని ఇంకో చొక్కా అందుకుంది.