కాచని పాలు

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన మాధవయ్యది పాలకోవా అంగడి. కాచకుండా పాలను గడప దాటించడం ఆ ఇంట్లో మూడు తరాలుగా మహాపాపం. మనవరాలు నెలలు నిండకుండానే పుట్టి నంద్యాల ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంది. కుట్లు మానక ఇంట్లో మంచాన ఉన్న కోడలు సౌమ్య పిండి ఇచ్చే పాలను రోజూ ఆయనే తీసుకెళ్తాడు. ఎవరికీ చెప్పకుండా ఓ పొంగు రానిచ్చి, చల్లార్చి, ఐసుడబ్బాలో పెట్టుకుని మరీ బస్సెక్కుతాడు. ప్రేమ కదా, పొంగకుండా ఉంటుందా!

పాపకు మాత్రం ఆ పాలు ఇమడటం లేదు. పొట్ట ఉబ్బుతోంది. ఇలాగే ఉంటే పాలు ఆపేస్తామన్నారు. పాల వ్యాపారికి పాలుపోలేదు.

ఆ పొద్దు డాక్టర్ వేదశ్రీ సీసా ఎత్తి చూసింది. పైన సన్నగా మీగడ తరక!

"ఏంది పెద్దాయనా, కాగబెట్టినావా?"

"కాగబెట్టకుంటే ఎట్లమ్మా? పసిబిడ్డకు పచ్చిపాలా?"

"తల్లి రొమ్ము కింద పొయ్యి పెట్టినాడా దేవుడు?"

వేదశ్రీ ఆయన్ను కూర్చోబెట్టింది.

"తల్లిపాలల్లో హార్మోన్ల మాదిరి సరుకుంటాది. మన కడుపైతే దాన్ని అరగదీసేస్తాది. నెలలు నిండని బిడ్డ కడుపుకు ఆ విద్య ఇంకా సరిగ్గా రాదు. అదే మేలైంది. ఆ సరుకు చెడకుండా పోయి పేగు గోడ తట్టి 'పెరుగు, పెరుగు' అంటాది. నువ్వు దాన్ని పొయ్యి మీదే చంపితివి. పొట్ట ఉబ్బేదానికి ఇదొకటే కారణమని చెప్పలేను. రేపట్నుంచి మాత్రం కాగబెట్టొద్దు."

"పాలే పెరుగంటాయా! పుట్టినకాణ్ణుంచి పాలల్లోనే బతుకుతాండా, ఈ పెరుగు సంగతి నాకు తెలీదే!" నవ్వబోయిన మాధవయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రే కోడలికి సంగతంతా చెప్పేశాడు. అయినా మర్నాడు పొయ్యి పక్కన సీసాతో నిలబడిపోయాడు.

"మామా, ఇంకా ఆడనే ఉండావా?" మంచంలోంచి సౌమ్య కేకేసింది.

"చెయ్యి పొయ్యి దిక్కే పోతాందమ్మీ!"

"ఆ చేత్తో బస్సు కమ్మీ పట్టుకోపో!" అని నవ్వి, కుట్లు లాగి "అమ్మా" అంది.

ఆయన పరుగున బస్సెక్కాడు.

వారం తిరక్కముందే వేదశ్రీ పాప పొట్ట నొక్కి చూసింది. "మెత్తగుంది. పాలు నిలుస్తాండాయి."

మాధవయ్య రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకు పెద్దాయనా, ఆ పాలిచ్చిన తల్లికి పెట్టు దండం."

అంగడిలో తొలి వాయి కోవా ఎప్పుడూ దేవుడి పటానికే. ఆ సాయంత్రం మాత్రం అది సౌమ్య చేతిలోకి వచ్చింది.

"ఏంది మామా, దేవునిది నాకిస్తాండావ్?"

"ఆయనకు రెండో వాయి పెడతాలే. పొయ్యి లేకుండా మా అంగడిని మించిన సరుకు చేసినావు తల్లీ. నీ కడుపు సల్లగుండ, తిను!"