నిద్రగన్నేరు నీడకి గడువు

రోజూ ఎనిమిదిన్నరకల్లా సింధూరి గన్నవరం బస్సు దిగి కాలవగట్టుకి చేరేది. అప్పటికే జక్కయ్య అక్కడ ఉండేవాడు. ఒక చేతిలో తెల్లరంగు డబ్బా, ఇంకో చేతిలో అంకెలు కోసిన రేకుముక్కలు. కార్పొరేషన్ ఆఫీసులో అతను కొలతల గొలుసు పట్టే చైన్‌మన్, ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. ఆమె కాంట్రాక్టు మీద వచ్చిన ప్లానింగ్ అసిస్టెంటు, ఆరు నెలల సర్వీసు. ఇద్దరూ కలిసి నీడలకి నంబర్లు వేస్తున్నారు.

చెట్టుని కొట్టేసినా దాని నీడ ఎక్కడికీ పోదు. చెట్టు ఎన్నేళ్ళు బతికిందో అన్నేళ్ళూ ఉంటుంది. పొద్దున పడమటి గోడ మీద, మధ్యాహ్నం నేల మీద, సాయంత్రం తూర్పు గోడ మీద, చెట్టు ఉన్నప్పటిలాగే పడుతుంది. బెజవాడలో రోడ్లు వెడల్పు చేసిన ప్రతిసారీ చెట్లు పోయాయి, నీడలు మిగిలాయి. వాటి కింద స్కూటర్లు పెట్టుకుంటారు, టిఫిన్ బండ్లు పెట్టుకుంటారు. నీడ పడే ఇంటికి అద్దె ఎక్కువ. గడువు తీరి నీడ వెళ్ళిపోయిన రోజున ఆ చోట ఎవరో ఒకరు బిందెడు నీళ్ళు పోస్తారు. అంతే, అంతకంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ నీడల్ని లెక్కలోకి తీసుకోవచ్చన్న ఆలోచన మాత్రం సింధూరిదే.

కాలవగట్టు మూడు వార్డులకీ 2047 దాకా పార్కులు, ఖాళీ స్థలాల ప్రణాళిక తయారు చేయాలి. నలభై ఆరు వేల జనం. ఉన్న ఖాళీ అంతా కూడితే మనిషికి ఒకటింబావు చదరపు మీటరు వచ్చింది. చాప పరుచుకుంటే కాళ్ళు బయటికొచ్చేంత. కనీసం రెండున్నర చూపించాలి. డిసెంబరులో మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు సింధూరి లేచి, "సార్, నీడలు కూడా ఖాళీ స్థలమే కదండీ? జనం వాడుకుంటూనే ఉన్నారు" అంది. రెండు నెలలు ఎండనపడి తిరిగి మూడు వందల పదకొండు నీడలు కొలిచింది. మనిషికి ఇంకో రెండు మీటర్లు పెరిగాయి. మొత్తం మూడుంపావు. ఆఫీసరు సూర్యప్రకాష్‌గారు చప్పట్లు కొట్టారు. "ఈ అమ్మాయి చూడండయ్యా, ఒక్క మొక్క నాటకుండా పార్కులు పెంచింది" అన్నారు.

అప్పుడామెకి అది మెచ్చుకోలుగానే వినిపించింది.

ఏప్రిల్ మొదటి వారంలో నూట పదిహేడో నంబరు వేయడానికి వెళ్ళారు. కాలవకి నీళ్ళు కట్టేశారు, అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. నీడ నంబరు 117 పెద్ద నిద్రగన్నేరుది. దాని కింద వీరమ్మ చేపలు అమ్ముతుంది. యాభై ఏడేళ్ళ మనిషి, దివిసీమ నుంచి చిన్నప్పుడే వచ్చింది. ముందు కత్తిపీట, పక్కన థర్మోకోల్ పెట్టెలో ఐసు, ఐసులో శీలావతులు. వెనక ఇనప గేటుకి తాళం. గేటు మీద "పార్కు స్థలం" అన్న అక్షరాలు సగం రాలిపోయాయి. లోపల వెయ్యిన్ని రెండు వందల పది గజాల నేల, సర్కారు తుమ్మ, ప్లాస్టిక్ కవర్లు.

జక్కయ్య గోడ మీద రేకు పెట్టి రంగు పూశాడు. నీడ 117. గడువు 2060.

"ఏం రాశారమ్మాయ్?" అంది వీరమ్మ, చేప పొలుసు తీస్తూనే.

"మీకు ఇంకో ముప్పై నాలుగేళ్ళు ఢోకా లేదండీ" అంది సింధూరి హుషారుగా. "చెట్టు కొట్టేనాటికి దానికి యాభై ఎనిమిదేళ్ళు. రెండు వేల రెండులో కొట్టారు. రెండు వేల అరవై దాకా నీడ ఉంటుంది."

వీరమ్మ కత్తిపీట ఆపింది. "యాభై ఎనిమిదా? అప్పటికి మా అమ్మకే పెళ్ళి కాలేదు. ఇది మా నాన్న పాతిన చెట్టమ్మా."

"మీ నాన్నగారా?"

"ఉప్పెన వచ్చిందా, ఊరంతా కొట్టుకుపోయిందా, మేం నలుగురం మిగిలి ఇక్కడికొచ్చి పడ్డాం. వేసవికి ఈ గట్టు మీద టార్పాలిన్ పట్టా కట్టుకున్నాం. పట్టాకి గుంజ కావాలని నాన్న నిద్రగన్నేరు కొమ్మ నరుక్కొచ్చి పాతాడు. పాతిన మూడు రోజులకి ఆ పట్టా కిందే మా తమ్ముడు గణేష్ పుట్టాడు. వాడికి బారసాల చేసేసరికి గుంజ చిగురేసింది."

జక్కయ్య రంగు కుంచె డబ్బాలో పెట్టేశాడు. సింధూరి ఫోను తీసి లెక్క మొదలుపెట్టింది. ఆఫీసు సూత్రం ప్రకారం రోడ్డు పక్క చెట్టు మొదలు చుట్టుకొలత ఏడాదికి రెండున్నర అంగుళాలు పెరుగుతుంది. కొట్టేసిన చెట్ల రిజిస్టరులో దీని చుట్టుకొలత నూట నలభై ఐదు అంగుళాలు. భాగిస్తే యాభై ఎనిమిది. భాగహారంలో తప్పులేదు.

"బాబాయ్, కొట్టిన రోజు టేపు పట్టింది ఎవరు?"

"నేనేనమ్మా" అన్నాడు జక్కయ్య. "కొలత కరెక్టే. కానీ సూత్రం నున్న ఊరి రోడ్డు మీద మెట్టనేల చెట్లు చూసి కట్టింది. ఇవి కాలవలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవి. ఏడాదిలో పది నెలలు నీళ్ళే. ఆరంగుళాలు పెరిగినా పెరుగుతాయి."

నూట నలభై ఐదుని ఆరుతో భాగిస్తే ఇరవై నాలుగు. ఉప్పెన 1977 చివర్లో, ఆ తర్వాతి వేసవి 1978. అక్కణ్ణుంచి 2002కి సరిగ్గా ఇరవై నాలుగు. రెండు వేల రెండుకి ఇరవై నాలుగు కలిపితే ఎంతో చెప్పడానికి సింధూరికి ఫోను అక్కర్లేకపోయింది.

ఆ ఆదివారం ఆటోనగర్ వెళ్ళింది. గణేష్ అక్కడ లారీలకి బాడీలు కడతాడు. వెల్డింగ్ అద్దాలు నెత్తి మీదికి తోసుకుని, తన టెన్త్ సర్టిఫికెట్ జెరాక్సు ఇచ్చాడు. పుట్టిన తేదీ 15 ఏప్రిల్ 1978. అంటే గుంజ పాతింది పన్నెండున. రిజిస్టరులో కొట్టిన తేదీ 20 ఏప్రిల్ 2002. చెట్టు బతికింది ఎనిమిది వేల ఏడు వందల డెబ్భై నాలుగు రోజులు. అన్ని రోజులూ ముందుకి లెక్కేస్తే ఈ నెల ఇరవై ఎనిమిది, మంగళవారం తేలింది.

తర్వాత మూడు వందల పదకొండు నీడల్నీ మళ్ళీ లెక్కేసింది. రెండు వందల నాలుగు కాలవ పక్కవే. 2047 నాటికి మిగిలేవి తొమ్మిది.

ప్రణాళికలో అసలు చిక్కు అక్కడ ఉంది. మూడుంపావు చూపించాం కాబట్టి, రెండున్నర చాలు కాబట్టి, ఇరవై మూడు ఖాళీ స్థలాలు పార్కులకి అక్కర్లేదని తేల్చి వదిలేశారు. వీరమ్మ వెనక తాళం వేసిన స్థలం వాటిలో పద్నాలుగోది. పక్కనే ఇంత పెద్ద నీడ ఉండగా పార్కు దేనికని, అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ రాశారు. ఆ వాక్యం టైపు చేసింది సింధూరే. ఇప్పుడు నీడలూ పోయి, స్థలాలూ పోతే, జనం ఒక్కరు కూడా పెరగకపోయినా, మనిషికి మిగిలేది సున్నా పాయింట్ ఎనిమిది.

సూర్యప్రకాష్‌గారు కాయితాలు ఓపిగ్గా చూశారు. చెడ్డ మనిషి కాదు, రిటైరవడానికి పదకొండు నెలలున్న మనిషి.

"చెట్టుకి బర్త్ సర్టిఫికెట్ ఉందా అమ్మా?"

"చెట్టుకి లేదు సార్. వాళ్ళ తమ్ముడికి ఉంది."

"టెన్త్ సర్టిఫికెటా?" ఆయన నవ్వారు. "నాదీ ఉంది. అందులో నేను జూన్ ఒకటిన పుట్టాను. మా క్లాసులో ముప్పై మందిమి జూన్ ఒకటినే పుట్టాం. హెడ్మాస్టరుగారు వేసిన తేదీలమ్మా అవి."

"సార్, మంగళవారం నీడ పోతే నేను చెప్పింది నిజమే కదా. ఆమోదించే కమిటీ సోమవారం. రెండు రోజులు వాయిదా వేయండి, చాలు."

"అభ్యంతరాలకి నెల గడువిచ్చాం. ఒక్కటీ రాలేదు. ఇప్పుడు మనమే అభ్యంతరం చెప్తే ఏమంటారు? పోతే పోనీ, తర్వాత సవరణ పెడదాం." కాయితాలు వెనక్కి జరిపారు. "నీ రెన్యూవల్ ఫైలు కూడా ముప్పయ్యో తారీఖున నా దగ్గరికొస్తుంది. తెలివైనదానివి. పైకొచ్చేదానివి."

సోమవారం కమిటీలో స్లైడ్లు మార్చే పని సింధూరిది. పదకొండో స్లైడు దగ్గర పాత పట్టిక బదులు తను రాత్రి చేసిన పట్టిక పెట్టింది. తెర మీద మూడుంపావు ఉండాల్సిన చోట సున్నా పాయింట్ ఎనిమిది కనపడింది.

"ఇదేంటండీ?" అన్నాడో సభ్యుడు కళ్ళజోడు సర్దుకుంటూ.

"నీడలకి వయసు తప్పు వేశామండీ" అని సింధూరి లేచింది. "రేపు పొద్దున..."

"ఫార్ములా ఎర్రర్ అండీ, పిల్ల కంగారు పడింది" అన్నారు సూర్యప్రకాష్‌గారు. "మీ చేతుల్లో ఉన్న ప్రింటు కాపీయే ఫైనల్."

అందరూ ప్రింటు కాపీ తిరగేశారు. అందులో అంకె బాగుంది. పన్నెండుంబావుకి ప్రణాళిక ఆమోదం పొందింది. జీడిపప్పు పకోడీ వచ్చింది.

మంగళవారం సింధూరి ఆఫీసుకి పోలేదు. ఎనిమిదింటికే గట్టు మీద ఉంది. జక్కయ్య సెలవు పెట్టి వచ్చాడు. వీరమ్మకి కూతురు దుర్గ తోడొచ్చింది. బేరాలు మామూలుగానే సాగుతున్నాయి.

"ఎన్నింటికి కొట్టారు బాబాయ్?"

"పదకొండు దాటిందమ్మా. పడేటప్పుడు నేను గడియారం చూసుకున్నా. టీ టైము."

పదకొండూ పది వరకు నీడ చల్లగా ఉంది. తర్వాత ఆకుల నీడ ముడుచుకోవడం మొదలుపెట్టింది. నిద్రగన్నేరు నీడ రోజూ సాయంత్రం ఐదింటికి ముడుచుకుంటుంది, ఆ తీరు గట్టు మీద అందరికీ తెలుసు. ఇవాళ పట్టపగలే ముడుచుకుంది. ముందు ఆకులు, తర్వాత రెమ్మలు, తర్వాత కొమ్మల నీడలు సన్నబడి, చివరికి నేల మీద నిలువుగా ఒక గుంజ నీడ మిగిలింది. అప్పుడెప్పుడో పాతిన గుంజంత. ఆపైన అదీ లేదు.

ఎండ వీరమ్మ మీద పడింది. ఇరవై నాలుగేళ్ళు అక్కడ చెట్టు, ఇరవై నాలుగేళ్ళు నీడ. ఆ చోట ఆమె మొహాన్ని ఎండలో చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నట్టుండి చాలా పెద్దదానిలా కనిపించింది. కొనడానికి నిలబడ్డవాళ్ళు చీరకొంగులు, కవర్లు నెత్తిన కప్పుకుని, ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

ఒంటిగంట దాకా ఆగాల్సిన ఐసు ముప్పావు గంటలో కరిగింది. దుర్గ చేపల కళ్ళు చూసి తల అడ్డంగా ఊపింది. వీరమ్మ లేచి, పెట్టె రెండు చేతులా ఎత్తి, ఆ ఐసు నీళ్ళన్నీ నేల మీద పోసింది. నీళ్ళు గోడ దాకా పారి, 2060 అన్న అంకెల కింద ఆగి, ఇంకిపోయాయి.

"తేదీ భలే చెప్పావమ్మాయ్" అంది. "మా నాన్న కూడా అంత కరెక్టుగా చెప్పేవాడు కాదు."

సింధూరికి ఉద్యోగంలో వచ్చిన రెండో మెచ్చుకోలు అది. ఆమె రోడ్డు పక్కకి తిరిగి నిలబడింది.

వీరమ్మ ఎండలోనే నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజు కళ్ళు తిరిగి కత్తిపీట పక్కన పడిపోయింది. ఆసుపత్రి నుంచి దుర్గ ఆమెని దివిసీమలోని నాగాయలంక తీసుకుపోయింది. గేటు మీద పాత అక్షరాల పైన కాంప్లెక్స్ బొమ్మ ఉన్న కొత్త ఫ్లెక్సీ కట్టారు. ముప్పయ్యో తారీఖున వచ్చిన రెన్యూవల్ ఫైలు మీద ఎవరూ ఏమీ రాయలేదు. రాయకపోతే రెన్యూ కానట్టే.

సింధూరి మాత్రం గన్నవరం బస్సు మానలేదు. రోజూ ఎనిమిదిన్నరకి దిగుతుంది. సంచిలో టేపు, సుద్దముక్క, మూడు వందల పది నీడల జాబితా. తెలిసినవాళ్ళని అడిగి, పెళ్ళిళ్ళనీ పుట్టుకల్నీ తుఫాన్లనీ లెక్కగట్టి, ప్రతి నీడ అంచునా అసలు తేదీ రాస్తోంది. జనం ఆమెని డాక్టరుని చూసినట్టు చూస్తారు. కొందరు మంచినీళ్ళిస్తారు. కొందరు చెప్పొద్దని తలుపేసుకుంటారు.

జూన్‌లో ఒక పొద్దున సింధూరి సైకిళ్ళకి పంక్చర్లు వేసే ఏసుపాదం కూర్చునే నీడ దగ్గరికొచ్చింది. ఆయన గాలిపంపు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎంతకాలం ఉందమ్మా?"

"మొదలు నూట ఇరవై రెండు అంగుళాలు. 2011 మేలో కొట్టారు. 2031 సెప్టెంబరు దాకా ఉంటుందండీ."

"ఐదేళ్ళు." ఏసుపాదం తల పంకించాడు. భయపడలేదు. లోపలికెళ్ళి తడిగోనెలో చుట్టిన నిద్రగన్నేరు కొమ్మ ఒకటి తెచ్చాడు. "వీరమ్మ సంగతి విన్నప్పుడే నరుక్కొచ్చి పెట్టుకున్నా. ఇవాళ పాతితే ఐదేళ్ళకి ఎంతవుద్ది?"

"ముప్పై అంగుళాలు." సింధూరి వేళ్ళ మీదే చెప్పేసింది. "మీ కుర్చీకీ పంపుకీ సరిపడా నీడ వస్తుంది."

"చాలు. నాకదే పార్కు." ఆయన కొమ్మని నేలకి ఆనించి, చుట్టూ చూశాడు. "నీడలో పాతితే బతకదు, ఎండ తగలాలి. ఎక్కడ పాతమంటావు?"

సింధూరి సంచిలోంచి ప్రణాళిక పటం తీసి, సైకిలు సీటు మీద పరిచింది. 2047 నాటి కాలవగట్టు. రోడ్లకి బూడిదరంగు, ఇళ్ళకి పసుపు, కాంప్లెక్సులకి ఎరుపు, నీడలకి లేత ఆకుపచ్చ. ఆ రంగులన్నీ ఎంచింది తనే. ఏ రంగూ లేని చోటు కోసం వేలుతో ఈ చివర నుంచి ఆ చివరకి వెతికింది. మళ్ళీ మొదటి నుంచి వెతికింది.

ఏసుపాదం కొమ్మ పట్టుకుని నిలబడే ఉన్నాడు. గోనెలోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి.