మహారాణి జుట్టు

చిక్కు కొసల నుంచి తీయాలి. పైనుంచి లాగితే ముసలి ప్రాణం విలవిల్లాడుతుంది. సత్యదుర్గ కుర్చీ వెనక నిలబడి, ఎడమ పిడికిట్లో తెల్లటి పాయను బిగించి పట్టుకుని కుడిచేత్తో కొసలు దువ్వుతోంది. మణికట్టు దగ్గర నరం ఎప్పటిలాగే గుంజుతోంది.

"ఓర్చుకోండమ్మా, అయిపోవచ్చింది," అంది తెలుగులోనే. హెడ్విగ్ మేడమ్‌కి తెలుగు రాదు, కాని ఆ గొంతు తెలుసు. మిగతా మాటలకు ఇద్దరూ ఏళ్ళ తరబడి అతుకులేసి కుట్టుకున్న భాష ఉంది. కొంత హిందీ, కొంత ఇంగ్లీషు, కాస్త అరబ్బీ.

అరబ్బు దేశంలో, బుదైయాలోని ఆ ఇంటికి వచ్చేనాటికి సత్యదుర్గది నల్లటి జుట్టు. రాజోలులో బడికెళ్ళే కొడుకు. ఇప్పుడు జుట్టు నెరిసింది, కొడుకు లేడు. మేడమ్ ఆస్ట్రియా ఆవిడ. భర్త ఉద్యోగం కోసం వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. నడుం దాటే ఆ జుట్టొక్కటే ఆవిడకు మిగిలిన పంతం.

బల్ల మీద కొత్త కత్తెర ఉంది. నిన్న మేడమ్ కూతురు ఊర్సులా తానుండే రిఫా నుంచి తెచ్చి పెట్టింది. తలంటిన ప్రతిసారీ జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగుతోందని డాక్టరు చెప్పాడట. "రేపు సాయంత్రం నేనొచ్చేలోపు కత్తిరించేయి దుర్గా. నేను చెప్తే అమ్మ వినదు," అంది. ఆమె కళ్ళకిందా నిద్రలేని నలుపే.

మేడమ్ మహారాణి కథ ఎత్తుకుంది. దువ్వెన తలకు తగిలితే చాలు, అదే కథ. ఒకప్పుడు వాళ్ళ దేశాన్నేలిన చక్రవర్తి భార్య, ఎలిజబెత్. మడమల దాకా జుట్టు. దువ్వడానికి రోజూ గంటలు పట్టేదట. రాలిన వెంట్రుకలు వెండి పళ్ళెంలో పెట్టి చూపించాలట.

"ఆ దువ్వే మనిషికి చేతులు నొప్పెట్టేవి కావా మేడమ్?"

"ఆ సంగతి నేనెక్కడా చదవలేదు." నవ్వు దగ్గులోకి తిరిగింది. సత్యదుర్గ వీపు రాసి నీళ్ళు తాగించింది.

"ఇప్పుడు ఆవిడ బొమ్మ చాక్లెట్ డబ్బాల మీద అమ్ముతారు. ఎప్పుడూ పడుచు బొమ్మే. వయసు మీదపడ్డాక మాత్రం ముఖానికి విసనకర్ర అడ్డం పెట్టుకునే తిరిగింది." మేడమ్ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆవిడ ఒక్క కొడుకూ తుపాకీతో తనను తనే కాల్చుకున్నాడు. నీ రాజేంద్ర పోయాక ఈ ముక్క దాటేస్తూ వచ్చాను."

దువ్వెన ఆగింది.

రాజేంద్రను లారీ గుద్దింది. వెళ్ళమనే చెప్పింది మేడమ్, తుంటికి ఆపరేషనై మంచంలో ఉండి కూడా. నువ్వొచ్చేదాకా శవాన్ని ఉంచలేమని ఊరి నుంచి ఫోను. వంటింట్లో నిలబడి ఫోన్లో చితి చూసి, సత్యదుర్గ గంజి వార్చింది.

"తర్వాతేం చేసింది ఆవిడ?"

"నల్లబట్టలు కట్టింది. దేశాలు పట్టుకు తిరిగింది. ఒకరోజు సరస్సు ఒడ్డున ఎవడో గుండెల్లో పొడిచాడు. పొడిచాడనే తెలియలేదట. లేచి, నడిచి పడవెక్కింది."

"తెలియకేం మేడమ్. ఆగితే పడిపోతానని నడిచుంటది."

మేడమ్ చెయ్యి వెనక్కి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. "కత్తెర చూశాను. కత్తిరించేయి. నీ చేతులకూ సుఖం."

సత్యదుర్గ కత్తెర అందుకుంది. జుట్టంతా అరచేతిలోకి తీసుకుంది. ఈ బరువు లేకపోతే పొద్దున్నే ఈ చేతులేం చేయాలో ఆమెకు తోచలేదు. కత్తెర సొరుగులో పడేసింది.

"ఇవాళొద్దులెండి. జడేసేత్తాను. అమ్మాయిగారికి నేను చెప్పుకుంటాను."

వదులుగా జడ అల్లి, నాలుగు ముద్దలు తినిపించి పడుకోబెట్టింది. గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి వచ్చేసరికి మేడమ్ గోడ వైపు తిరిగి ఉంది. దుప్పటి సర్దబోతే చెయ్యి బరువుగా జారింది.

"అమ్మా," అని పిలిచింది సత్యదుర్గ. మళ్ళీ పిలిచింది. ఊర్సులాకు ఫోను చేసి పక్కనే నిలబడింది.

ఊర్సులా వచ్చి ముందు జడనే చూసింది.

"చెప్పిన పని చేయలేకపోయాను అమ్మాయిగారూ."

ఊర్సులా జడను రెండు చేతులతో తీసుకుని ముఖానికి అదుముకుంది.

మేడమ్‌ను తీసుకుని అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో పని లేదు. ఇక ఈ దేశంలో ఉండే కారణమూ లేదు. సత్యదుర్గ మంచం పక్కన నేల మీద కూలబడింది. పైకి లేవడానికి పరుపు మీద చెయ్యి ఆనిస్తే, దుప్పటి కింద, పాదాలుండే చోట రబ్బరు వేణ్ణీళ్ళ సంచి తగిలింది. అది ఇంకా గోరువెచ్చగానే ఉంది.