గంజి పెట్టిన సవరం

వాన మొదలైందంటే ఊళ్లో అందరి చేతులూ నెత్తి మీదికి గొంగడి లాక్కుంటాయి. గోపమ్మ చెయ్యి మాత్రం తల వెనక్కి పోతుంది. అక్కడ సవరం ఉంది. అది జారిందా, తడిసిందా, కట్టినచోటే ఉందా? పాపం, ఆ పిల్లకు ఎప్పుడూ ఇదే ధ్యాస.

పెళ్లికి ముందటి ఏడాది విషజ్వరమొచ్చి వెనకవైపు జుట్టంతా ఊడిపోయింది. మళ్లీ మొలిచిందన్న పేరేగానీ, అక్కడో కుచ్చు, ఇక్కడో కుచ్చు. తల్లి రాయచూరు బజారుకు పోయి సవరం కొనుక్కొచ్చింది. "మీ అత్తకు తెలిస్తే మోసం జేసినమంటది. మళ్ల మనింటికే తోలుతది. పైలం బిడ్డా" అని చెవిలో ఊది మరీ మక్తల్ పక్కనున్న ఈ ఊరికి కాపురానికి పంపింది. రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలవి. మగడు బీరన్న గొర్లమందతో ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. అతను ఇంట్లో ఉన్న నాలుగు రాత్రులూ గోపమ్మ సవరంతోనే పడుకుంది.

శ్రావణం వచ్చింది, ముసురు పట్టుకుంది. సవరం ఆరితేనా! తడిదే కట్టుకుంటే నెత్తంతా దురద, పైగా నానిన మేక వాసన. అత్త గుర్వమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇంట్ల ఎలుక గిట్ల సచ్చిందా ఏందే?" అని మూలమూలలా వెతికింది. గోపమ్మ కూడా ఆమెతోపాటు వెతికింది. ఏం చేస్తుంది మరి!

ఇంతలో పోచమ్మ బోనాలొచ్చాయి. కొత్త కోడలి మొదటి బోనానికి అత్తే తల దువ్వి జడ వెయ్యాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. ముందురోజు రాత్రి గోపమ్మకు అన్నం సయించలేదు. తెల్లారకముందే తనే జడ వేసేసుకుని, "అయిపోయింది అత్తమ్మా, నువ్వు పూలు పెట్టు చాలు" అందామనుకుంది. కానీ బోనమెత్తుకుని వానలో నడవాలి. సవరం తడిసి జారితే ఊరంతా చూస్తుంది.

ఆ దిగులులోనే ఆమె కన్ను మూలనున్న కుండ మీద పడింది. మామ చెన్నయ్య గొంగళ్లు నేస్తాడు. ఉన్నినూలుకు పట్టించడానికి చింతగింజల గంజి కాచి పెట్టుకున్నాడు. ఆ గొంగడి ఎంత వాననైనా ఆపుతుంది కదా, మరి సవరం చేసుకున్న పాపమేంటి? అందరూ పడుకున్నాక రెండు దోసిళ్లు తీసి దట్టంగా పట్టించి, పొయ్యి మీది దండేనికి ఆరేసి హాయిగా పడుకుంది.

పొద్దున లేచి చూస్తే దండేనికి సవరం లేదు, చీపురుకట్ట ఉంది! వంచితే వంగదు, లాగితే విడదు. అప్పుడే గుర్వమ్మ నూనెగిన్నె, దువ్వెన పట్టుకుని వచ్చింది.

"రా పిల్లా, కూసో."

గోపమ్మ దాన్ని కొంగులో దాచబోయింది. అది టక్కుమని రాతిబండ మీద పడింది. ఇంక దాచేదేముంది? పిల్ల బావురుమంది.

"జరమొచ్చి ఊడింది అత్తమ్మా. చెప్పకపోవుడు మాదే తప్పు. నన్ను మాత్రం తోలియ్యకు."

గుర్వమ్మ నూనెగిన్నె కింద పెట్టింది. కోడలి తల వంచి ఆ కుచ్చుల మధ్య వేలు పెట్టి నిమిరింది. తడికి నెత్తి పాసిపోయి ఎర్రగా ఉంది. తరువాత సవరం తీసి వాసన చూసింది.

"ఓయమ్మో! చింతగింజల గంజి!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది. "వెంట్రుకలకు గంజి పెడ్తరానే పిచ్చిదానా?"

"ఏమైందే?" అని బయటినుంచి చెన్నయ్య కేకేశాడు.

"ఏం కాలే. ఆడోల్ల ముచ్చట నీకెందుకు? నీ పని జూస్కో పో!"

ఆ మాటతో గోపమ్మకు మూడు నెలల నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది గానీ, అది వేరే ఏడుపు.

గుర్వమ్మ వేణ్నీళ్లు కాచి సవరాన్ని నానబెట్టింది. కుంకుడురసంతో గంజంతా పోయేదాకా పిసికి, పాత గుడ్డలో ఒత్తి, గాలి తగిలే పెరటి చూరు కింద ఆరేసింది. ఆరాక వేపాకు పొగ పట్టించింది. చేతులు ఆడుతుంటే నోరూ ఆడుతూనే ఉంది. "తడిది కడ్తే నెత్తి పాసిపోదా? రాత్రి ఇప్పి గోడ గూటానికి తగిలియ్యి. ఎవలికి బయపడ్తవ్? నీ మొగనికా? గొర్రె మెడకాయ పుండైతే వాడే మందు రాస్తడు, నీ నెత్తికి రాయడా?"

పొద్దుగూకేవేళ గోపమ్మ బోనమెత్తుకుంది. అత్త వేసిన పొడుగాటి జడ, బంతిపూలు. పక్కింటి లక్ష్మీనర్సమ్మ కళ్లింత చేసుకుంది.

"ఏం గుర్వక్కా, నీ కోడలికి గింత జడనా! రోజు కొప్పే గద, నేనెన్నడు జూడలే."

"మా ఇంట్ల తిండి గట్లుంటది మరి!" అంది గుర్వమ్మ రెప్పయినా వెయ్యకుండా, భుజం మీద చెయ్యి పెట్టి చూపిస్తూ. "వచ్చిననాడు గీడిదాకనే ఉండె."

బోనం కింద గోపమ్మ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నాలుగడుగులు వేశారో లేదో టపటపా చినుకులు మొదలయ్యాయి. గోపమ్మ రెండు చేతులూ బోనం కుండ మీదే ఉన్నాయి. తల వెనక అత్త నడుస్తోంది.