మంచులో చచ్చిన ఎంజైము

ఆ ఎంజైము చచ్చిందని ల్యాబు నడిపే పెద్దసారు తేల్చి ఇరవయ్యేళ్లయింది. కణం గడప దగ్గరికొచ్చిన కబురును లోపలికి చేరవేయాల్సింది అదే. పరీక్షనాళికలో మాత్రం ఉలకదు, పలకదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి చెప్పాక కాదనేదెవరు? ఆయన దగ్గరే తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న బయోకెమిస్టు కాదంది, అదీ చేతిలో ఏ ఆధారమూ లేకుండా.

"పనిచేయనిదాన్ని కణం ఎందుకు భరిస్తుంది సార్? కూర్చోబెట్టి మేపడానికి అదేమన్నా కొత్తల్లుడా?" అంది.

ఎంజైమును ఐసులోంచి కదపకూడదన్నది ఆ వృత్తిలో మొదటిరోజే నేర్పే పాఠం. వెచ్చబడితే పాడవుతుందని భయం. ఒక మధ్యాహ్నం ఆమె నాళికను పైకి తీసిందో లేదో, అత్తగారి ఫోను. "బీరువా తాళం ఎక్కడ పెట్టావమ్మా?" ఆ వెతుకులాట ముప్పావుగంట సాగింది. తీరా చూస్తే నాళిక బల్లమీదే ఉంది. తన మతిమరుపును తిట్టుకుంటూ, పారబోసేముందు కసికొద్దీ పరీక్ష పెట్టింది. ఎంజైము భేషుగ్గా పనిచేసింది.

ఆరు వారాలు మళ్లీ మళ్లీ చేసింది. చల్లబడితే దాని రెండు భాగాలూ విడిపోతున్నాయి, గది వేడికి కలుస్తున్నాయి. కాపాడుతున్నామనుకుంటూ ఇరవయ్యేళ్లు అందరూ కలిసి దాన్ని చంపారన్నమాట.

"మరి మీ సారుకు చెప్పడానికి మొహమాటమేంటి?" అంది ఆ రాత్రి ఇంట్లో అత్తగారు.

"వచ్చే నెల నా ఉద్యోగం పొడిగించాలంటే ఆయన సంతకం కావాలి అత్తయ్యా."

"సంతకం ఆయనది. పని ఎవరిది?"

మర్నాడు పెద్దసారు ఫలితాలు చూసి పెదవి విరిచాడు. "ఇందులో వేరే ఎంజైమేదో కలిసింది."

"లేదు సార్. ఎంజైములో పనిచేసే చోటును కావాలనే చెడగొట్టి, దాన్నీ ఇలాగే తయారుచేసి చూశాను. అది ఐసులో పెట్టినా బయట పెట్టినా పనిచేయలేదు. వేరేది కలిసుంటే అందులోనూ కనబడాలిగా."

"ఇది చచ్చిందని నేను అచ్చువేయించిన పాత పేపరు ఏమైపోవాలి?" అన్నాడు ఆయన. పొడిగింపు కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు. "దీన్ని పక్కన పెట్టెయ్. ఇప్పుడే సంతకం చేస్తా."

ఆమెకు భయమేసింది, అబద్ధమెందుకు. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. కానీ తొమ్మిదేళ్లుగా ఆయన మాటకు తలూపి తలూపి విసిగిపోయింది. ఒళ్లు మండింది.

"సంతకం మీ ఇష్టం సార్. ఫలితం మాత్రం దాచను."

"అయితే నువ్వు రాసే పేపరు మీద నా పేరుండదు. నా పేరు లేకుండా ఎవరు చదువుతారో నేనూ చూస్తా."

"మీరు ఒప్పుకోరని తెలిసీ మీ పేరెలా పెడతాను సార్? తీసేసే పత్రికకు పంపించాను, పొద్దున్నే."

పెద్దసారు కలానికి మూత పెట్టేశాడు. పెట్టుకోనీ, అనుకుంది ఆమె.